ప్రజాస్వామ్యం మీద ఆన్‌లైన్ కోర్సు: నా రివ్యూ

ప్రజాస్వామ్యాలు ఎలా బలహీనపడతాయి, మళ్ళీ ఎలా కోలుకుంటాయి అన్న దాని మీద ఒక ఆన్‌లైన్ వీడియో కోర్సు మొన్నే పూర్తి చేశా, చాలా నచ్చింది. ట్యాంకులు రోడ్డెక్కితేనే ప్రజాస్వామ్యం పోతుంది అనుకునేవాణ్ణి, హంగరీ పాఠం చూశాక కళ్ళు తెరుచుకున్నాయి. 2010లో మూడింట రెండొంతుల మెజారిటీతో వచ్చిన ఓర్బాన్ ప్రభుత్వం కొత్త రాజ్యాంగం రాసేసుకుంది, జడ్జిల రిటైర్మెంట్ వయసు 70 నుంచి 62కి దించేసింది, దాంతో ఎంతోమంది సీనియర్ జడ్జిలు ఒక్క దెబ్బకి ఇంటికెళ్ళిపోయారు, ఒక్క తూటా కూడా పేల్లేదు.

దక్షిణ కొరియా పాఠం అయితే రెండుసార్లు చూశా. 2024 డిసెంబర్ 3 రాత్రి ప్రెసిడెంట్ యూన్ మార్షల్ లా (సైనిక పాలన) పెడితే, కొంతమంది ఎంపీలు గోడ దూకి మరీ పార్లమెంటులోకి వెళ్ళారు, లోపలికి చేరిన 190 మందీ వద్దనే ఓటేశారు, తెల్లారేలోపే ఎత్తేయాల్సి వచ్చింది. చూస్తుంటే ఒళ్ళు జలదరించింది.

లోటల్లా పోలండ్ పాఠమే. 2023లో ఓట్లతో ప్రభుత్వం మారినా పాత పార్టీ వేసిన జడ్జిలు అలాగే ఉన్నారు, కొత్త చట్టాల్ని ఆపేసే వీటో కూడా ప్రెసిడెంట్ చేతిలో ఉంది, మరి పాడైన కోర్టుల్ని చట్టం దాటకుండా బాగుచేయడం ఎలా? అసలు కష్టం అదే కదా, దాన్ని పది నిమిషాల్లో ముగించేశారు.

టైమ్ లేనివాళ్ళు హంగరీ, కొరియా పాఠాలు రెండైనా చూడండి.