రాత్రి మిగిలే గంటకి స్కైరిమా, పోర్టలా?

కావలిలో కొట్టు కట్టేసి, అన్నం తిని కూర్చునేసరికి పది. వీడియో గేములు ఆడుకోవడానికి మిగిలేది గంటే. ఒంగోల్లో ఉండే మా తమ్ముడు "స్కైరిమ్ ఒక్కటి చాలన్నా" అంటాడు. నేను రెండూ ఆడుతున్నాను.

2011లో వచ్చిన స్కైరిమ్ పెద్ద లోకం. రివర్‌వుడ్ ఊరి పైన, కొండ మీది సమాధిలో ఒక రాతి తలుపు అడ్డం వస్తుంది. దానికి మూడు చక్రాలు, వాటి మీద జంతువుల బొమ్మలు. ఏది ఎటు తిప్పాలో తెలియక మూడు రాత్రులు దాని ముందే ఆగిపోయాను. జవాబు నా సంచిలోనే ఉంది! బంగారు పంజాను బయటికి తీసి వెనక్కి తిప్పితే అరచేతి వైపు ఎలుగుబంటి, రెక్కల పురుగు, గుడ్లగూబ. అదే వరస. ఆ తలుపు గరగరమంటూ కిందికి దిగుతుంటే కలిగిన సంతోషం ఇంకే ఆటలోనూ నాకు దొరకలేదు.

కానీ కనిపించిందల్లా ఏరుకుంటే మొదట్లో మోయగలిగే 300 బరువు దాటిపోయి పరిగెత్తలేం. సంచి సర్దుకోవడానికే పావుగంట పోతుంది.

2007 నాటి పోర్టల్‌లో ఆ టెన్షన్ లేదు. గదికొక చిక్కు. మనమే గోడల మీద, నేల మీద రెండు ద్వారాలు తెరుస్తాం, ఒకదాంట్లో దూరితే రెండోదాంట్లోంచి బయటపడతాం. పైనుంచి నీలం ద్వారంలోకి దూకితే, అదే వేగంతో గోడలోని నారింజ ద్వారం నుంచి ఎగిరి అవతల పడతాం. ఒక గది దాటామంటే హాయిగా పడుకోవచ్చు.

కొత్తవాళ్లయితే పోర్టల్‌తోనే మొదలుపెట్టండి. స్కైరిమ్‌ని ఆదివారానికి ఉంచుకోండి, దానికి మధ్యాహ్నమంతా కావాలి.