గుంత తీసి స్తంభం నిలబెట్టే లారీ: తొమ్మిది స్తంభాల అనుభవం

పత్తి ఏరే రోజుల్లో గుంతలు తవ్వే మనుషులను వెతకడం కంటే కష్టమైన పని మా వృత్తిలో లేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టి పనికి పాలమూరు కూలీలు వెళ్లేవారని పేరున్న ఈ ప్రాంతంలోనే, నవంబరు, డిసెంబరు నెలల్లో గడ్డపార పట్టే నలుగురు దొరకరు. దేవరకొండకూ కల్వకుర్తికీ మధ్య కొన్ని బోరుబావుల కోసం 11 కేవీ లైను పొడిగించే చిన్న పని చేతికి వచ్చినప్పుడు, గుంత తవ్వి స్తంభాన్ని కూడా తానే నిలబెట్టే లారీని ఆ కారణంగానే మొదటిసారి అద్దెకు పిలిచాను. మొత్తం తొమ్మిది సిమెంటు స్తంభాలు పాతవలసి ఉంది.

లారీ వెనుక భాగంలో చుట్టూ తిరిగే ఇనుప చెయ్యి, దాని పక్కన మడిచి పెట్టిన పెద్ద ఆగర్ ఉంటాయి. ఆగర్ అంటే వడ్రంగి బర్మాను మనిషెత్తు పెంచి, హైడ్రాలిక్ మోటారుతో తిప్పడమే. అమెరికాలో ఇటువంటి బండిని డిగ్గర్ డెరిక్ అంటారు, అక్కడి వాటికి స్తంభాన్ని ఇరువైపులా పట్టి ఉంచే ఇనుప పంజాలు కూడా చెయ్యి చివరన ఉంటాయి. మాకు వచ్చిన బండికి బరువును పైకి లాగే వించి తాడు, కొక్కెం తప్ప పంజాలు లేవు. ఆ తేడా ఎంతటిదో మధ్యాహ్నానికే తెలిసింది.

ముందుగా దీని అసలు మేలు చెప్పాలి. స్తంభం పొడవులో సుమారు ఆరో వంతు భూమిలో ఉండాలన్నది మా పనిలో పాత లెక్క, 8 మీటర్ల స్తంభానికైతే మేము 1.5 మీటర్లు, అంటే దాదాపు ఐదు అడుగులు దించుతాము. ఈ లోతు చేతితో తవ్వినప్పుడు గుంతకు ఒక పక్క ఏటవాలుగా కాలువ తీయక తప్పదు, ఎందుకంటే స్తంభం మొదలును అందులోంచి జార్చి, మోకులతో లాగి నిలబెట్టాలి. ఆ కాలువ వైపు నేల కదిలిపోతుంది, ఎంత కూరినా పాత గట్టిదనం రాదు. ఆగర్ తీసిన గుంత గుండ్రంగా, నిటారుగా ఉండి, చుట్టూ కదలని నేలే గోడగా నిలుస్తుంది. కాకపోతే అటువంటి గుంతలోకి స్తంభాన్ని పైనుంచి నిలువుగా దించవలసిందే కనుక, తవ్వే పనీ ఎత్తే పనీ ఒకే బండి మీద ఉండటంలో అర్థముంది. ఎర్ర చెలకలో మొదటి గుంత మా మేస్త్రీ చుట్ట ముట్టించి సగం కాల్చేలోగా పూర్తయింది.

స్తంభం ఎత్తేటప్పుడు మాత్రం నాకు నచ్చలేదు. సిమెంటు స్తంభం అడ్డుకోత దీర్ఘచతురస్రం, తీగలను గాలి పక్క నుంచి నెడుతుంది కనుక దాని వెడల్పాటి ముఖం లైనుకు అడ్డంగా రావాలి. తాడుకు వేలాడే స్తంభం ఆ మాట వినదు. నాలుగో స్తంభం గుంత అంచుకు తగిలి గిర్రున తిరిగితే, హెల్పరు క్రాసారం (తీగలను మోసే అడ్డకమ్మి) బోల్టు రంధ్రంలో ముందే కట్టి ఉంచిన కొబ్బరి తాడును దూరం నుంచి లాగిపట్టి, ఆపరేటరు వేలెడు వేలెడు దించుతూ ఉండగా దాన్ని దారికి తెచ్చాడు. ఆ ఆపరేటరు చేతి నేర్పుకు మార్కులు వేయాలి, యంత్రానికి కాదు.

ఏడో గుంతలో మూడడుగుల దగ్గర ఆగర్ కీచుమని ఆగింది. "అన్నా, కింద గుండు తగిలింది" అని ఆపరేటరు మర పైకి లేపి చూపించాడు, పళ్ల మీద తెల్లటి రాతిపొడి ఉంది. మన నేలలో చెలక కింద మొరం, మొరం కింద నల్లరాయి ఉండటం కొత్త సంగతి కాదు, దేవరకొండ చుట్టుపక్కల అది ఇంకా పైకే తేలి ఉంటుంది. రాతికి గట్టి లోహపు పళ్లు బిగించిన వేరే ఆగర్ కావాలి, అది తేలేదన్న సంగతి బేరం నాడు వారు చెప్పలేదు. మొరం వరకు ఈ బండి నెమ్మదిగానైనా పోతుంది, రాయి తగిలితే ఆగిపోతుంది. ఆ గుంతతో పాటు తొమ్మిదోదానికి కూడా చివరికి రాయి తొలిచే కంప్రెసరు పిలిపించుకున్నాము, ఆ ఖర్చు నాదే అయింది.

అంతకంటే పెద్ద లోపం గుంత పూడ్చడంలో ఉంది. స్తంభం నిలబడగానే హెల్పరు వదులు మట్టిని పారతో తోసి, పైన రెండుసార్లు తొక్కి, బండి ఒరగకుండా నేలకు ఆనించిన జాకీలు ఎత్తమని సైగ చేశాడు. అడుగుకో పొర వేసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టకపోతే గుండ్రటి గుంత వల్ల వచ్చిన లాభమంతా పోతుంది. నేను గమనించేలోగా ఇలా పూడ్చిన మొదటి రెండు స్తంభాలు తీగ లాగిన రోజునే ఒక పక్కకు ఒరిగాయి. వాటి మట్టి తీసి మళ్లీ కూరవలసి వచ్చింది.

పొలంలోకి దారి సంగతి కూడా ముందే చూసుకోవాలి. తడి మడిలో లారీ జాకీలు దిగబడతాయి, కింద మందపాటి చెక్కలు వేయకుండా చెయ్యి చాచనివ్వకూడదు. పాత లైను పక్కన పని ఉంటే లైన్‌మన్ ద్వారా ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని, కరెంటు ఆగిందని తేలిన తరువాతే చెయ్యి పైకి లేపాలి. ఈ ఒక్క విషయంలో వచ్చిన బృందం మాకంటే పట్టుదలగా ఉంది, ఎల్‌సీ వచ్చేవరకు గంటన్నర ఊరికే కూర్చున్నారు, దానికి అదనంగా ఏమీ అడగలేదు.

అద్దె స్తంభానికి ఇంత అని మాట్లాడుకున్నాము, రానుపోను డీజిల్ వేరు. నాలుగైదు స్తంభాల పనికి ఇది గిట్టదు. తొమ్మిదింటికి కంప్రెసరు ఖర్చు కలుపుకుంటే కూలీలతో చేయించినంతే అయింది, కాని ఐదు రోజుల పని రెండు రోజుల్లో ముగిసింది. వచ్చే నెల పద్నాలుగు స్తంభాలకు ఇదే బండిని మళ్లీ అడిగాను. రాతి ఆగర్ తెస్తామన్నారు, దిమ్మిస పట్టే ఇద్దరు మనుషులను మాత్రం మీరే చూసుకోండి అన్నారు.