జూనియర్ 60 ప్లాను: ఎక్కడో చెబుతుంది, ఎప్పుడో చెప్పదు

రేడియోతో నడిపే నమూనా విమానాన్ని చెక్కతో కట్టాలనుకునేవారికి నేడు లేజరుతో కోసిన ముక్కలు, అంచెలంచెలుగా సూచనలు, చివరి స్క్రూ దాకా అన్నీ ఉన్న కిట్లు దొరుకుతున్నాయి. వాటిని కాదని, ఒక ప్లాను కాగితం మాత్రం ముందు పెట్టుకొని, అందులోని ప్రతి ముక్కనూ చేత్తో కోసుకొని ఎనిమిది నెలల్లో నేను కట్టిన విమానం జూనియర్ 60. ఈ సమీక్ష ఆ విమానం గురించి కొంత, ఆ ప్లాను గురించి ఎక్కువ.

జూనియర్ 60 బ్రిటన్‌కు చెందిన కీల్ క్రాఫ్ట్ సంస్థ 1946లో తెచ్చిన నమూనా. రూపకర్త ఆల్బర్ట్ హాట్‌ఫుల్. పేరులోని 60 రెక్కల పొడవు, అంగుళాల్లో. అంటే ఒకటిన్నర మీటర్లకు కాస్త పైన. ట్రాన్సిస్టరు పుట్టింది 1947 చివర్లో కాబట్టి ఈ విమానం వయసులో దానికన్నా పెద్దది. నేలమీది మనిషి చేతిలో అధికారం లేకుండా, పెట్రోలు ఇంజను ఆగిపోయేదాకా పైకెక్కి, ఆ తర్వాత తనంతట తాను తేలుతూ దిగే 'ఫ్రీ ఫ్లైట్' విమానంగా దీన్ని గీశారు. ఆ స్వతంత్ర స్వభావమే తర్వాతి తరాలవారికి అక్కరకు వచ్చింది. తనంతట తాను నిలకడగా ఎగరగల విమానానికి రేడియో అమర్చితే, నేర్చుకునేవారు చేతిలోని రిమోటు కర్రలు వదిలేసినా అది కొంపలు ముంచదు. అందుకే దీన్ని నేటికీ రేడియోతో ఎగరేస్తున్నారు, దీని ప్లాన్లు నేటికీ దొరుకుతున్నాయి.

ప్లాను స్కాన్ చేసిన ఫైలు రూపంలో వస్తుంది; దాన్ని అసలు కొలతకు అచ్చు వేయించుకోవలసిన బాధ్యత మనదే. బిల్డింగ్ ప్లాన్లు తీసే ఒక ప్లాటర్ దుకాణంలో నేను మొదట వేయించిన ప్రింటు చూడముచ్చటగా ఉంది గానీ, ఇంటికి తెచ్చి టేపు పెట్టి చూస్తే ముప్ఫై అంగుళాలు ఉండవలసిన సగం రెక్క ఇరవై తొమ్మిదికి ఒక వెంట్రుకవాసి పైన ఆగింది. కాగితంలో పట్టేటట్టుగా యంత్రం బొమ్మను నూటికి మూడు వంతులు కుదించింది. బొమ్మ మొత్తం సమంగా కుదిస్తే విమానం కాస్త చిన్నదవుతుంది, అంతే కదా అనిపించవచ్చు. అయితే మనం కొనే చెక్క పుల్లలు కుదించుకోవు. పావంగుళం పుల్లకు గీసిన గాడిలో అసలు పావంగుళం పుల్ల దూరదు, రెక్కకు ఆకారమిచ్చే ప్రతి అడ్డపలకలోనూ, అంటే రిబ్బులోనూ, గాడిని మళ్లీ చెక్కవలసి వస్తుంది. కాబట్టి డబ్బు కట్టే ముందే, దుకాణంలోనే, ఒక తెలిసిన కొలతను టేపుతో సరిచూసుకోవాలి. అదీ పొడవులో ఒకసారి, వెడల్పులో ఒకసారి చూడాలి. కొన్ని యంత్రాలు ఒక దిశలో మాత్రమే సాగదీస్తాయి.

గీత నాణ్యత విషయంలో ఈ ప్లానుకు వంక పెట్టలేను. చేత్తో గీసిన గీతలు ఎంత శుభ్రంగా ఉన్నాయంటే, ఒడలు లోపలి అడ్డపలకలైన ఫార్మర్ల మూలలు ఎక్కడ కలుస్తాయో, చక్రాలను మోసే ల్యాండింగ్ గేర్ తీగ ఏ పలకకు ఏ వైపు కూర్చుంటుందో భూతద్దం లేకుండానే తెలుస్తుంది. నా ప్రతిలో రెక్క మాత్రం ఒక వైపుదే ఉంది. పాత ప్లాన్లలో ఇది మామూలే, కాగితం ఆదా. మొదటి రెక్క అయ్యాక ఆ ఉత్సాహంలో అదే కాగితం మీద రెండోదానికి రెక్క పొడవునా సాగే పుల్లలు, స్పార్లు, సగం గుచ్చేశాను. ఇంకో పది నిమిషాలు గడిచి ఉంటే నా దగ్గర రెండు ఎడమ రెక్కలు ఉండేవి. కాగితానికి కొబ్బరినూనె పూసి తిరగేస్తే గీతలు వెనుకవైపు నుంచి స్పష్టంగా కనిపిస్తాయి, వాటి మీద కుడి రెక్క కట్టవచ్చు. ప్లాన్లతో కట్టేవారందరికీ తెలిసిన ఈ చిట్కాను ప్లాను ఎక్కడా చెప్పదు.

ఈ ప్లానుతో నాకున్న అసలు పేచీ ఇక్కడే ఉంది. ఏ ముక్క ఎక్కడ ఉండాలో వెంట్రుకవాసి తేడా లేకుండా చూపిస్తుంది, ఏ ముక్కను ఎప్పుడు అతికించాలో మాత్రం ఒక్క మాటలోనూ చెప్పదు. 1946 నాటి బ్రిటిష్ కుర్రవాడికి ఆ వరస పక్కింటి అన్నో, ఊరి క్లబ్బో చెప్పి ఉంటారు. విజయవాడలో ఒక ఫ్లాటులో పాత ఫ్లష్ డోరు మీద సాఫ్ట్ బోర్డు పరచుకొని కూర్చున్న నాకు చెప్పేవారు లేరు.

ఉదాహరణకు విమానం ఒడలు. దీనికి రెండు పక్క చట్రాలు కావాలి. ప్లాను మీద ప్లాస్టిక్ కవరు పరచి, పుల్లలను గుండుసూదుల మధ్య వంచి బిగించి, మొదటి చట్రం ఆరాక దాని మీదనే రెండోది కడతారు. అప్పుడు రెండూ అచ్చు గుద్దినట్టు ఉంటాయి. నేనూ అలాగే కట్టాను. రెంటినీ విడదీసి, మధ్యలో అడ్డపుల్లలు నిలబెట్టి, తోక దగ్గర చివరలను కలిపి క్లిప్పు పెట్టాను. మర్నాడు ఉదయం పై నుంచి చూస్తే ఒడలు అరటికాయలా వంగి, తోక కుడికి పోయి ఉంది. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అతుకులూ గట్టిగానే ఉన్నాయి. దోషం చెక్కలో ఉంది. కుడి చట్రంలోని పొడవు పుల్లలు గట్టివి, ఎడమవి మెత్తవి. రెంటినీ ఒకే బలంతో లోపలికి లాగితే మెత్తనిది ఎక్కువ వంగింది, గట్టిది తన పంతం నెగ్గించుకుంది.

దీనికి మందు అతికించాక లేదు, అతికించే ముందే ఉంది. పుల్లను బల్ల అంచు నుంచి ఒక అడుగు బయటకు ఉంచి, ఇవతలి కొసను అరచేతితో నొక్కిపట్టి, అవతలి కొసకు పది రూపాయల నాణెం టేపుతో అంటించి, కొస ఎంత కిందికి దిగిందో స్కేలుతో చూడాలి. ఒకే మేరకు దిగిన నాలుగు పుల్లలను ఏరి, చట్రానికి రెండు చొప్పున వాడాలి. ఆ నాలుగు పుల్లలు దొరకడానికి నేను పదకొండు పుల్లలు పరీక్షించాను. వంగిన ఒడలును బ్లేడుతో విప్పి మళ్లీ కట్టడానికి మూడు ఆదివారాలు పట్టింది. ప్లాను మూలలో 'పొడవు పుల్లలు సమాన బిగువు గలవి ఎంచుకోవలెను' అని ఒక్క వాక్యం ఉంటే ఆ మూడు ఆదివారాలూ మిగిలేవి.

చెక్క ఎంపిక గురించి కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే ప్లాను ఖర్చు ప్రింటు డబ్బులే అయినా అసలు ఖర్చు, అసలు చిక్కు ఇక్కడే ఉన్నాయి. ఈ విమానాలకు వాడే తేలికపాటి చెక్క బాల్సా. అది ప్రధానంగా ఈక్వెడార్ నుంచి వస్తుంది. గాలిమరల రెక్కల తయారీలోనూ దాన్ని వాడతారు కాబట్టి 2020 ప్రాంతంలో ఆ గిరాకీ పెరిగినప్పుడు నమూనా విమానాలవారికి కొరత, ధర రెండూ తగిలాయి. కొరియరులో తెప్పించిన పలకలను వంటింటి త్రాసు మీద పెట్టాను. అన్నీ నాలుగు అంగుళాల వెడల్పు, మూడడుగుల పొడవు, అంగుళంలో ఎనిమిదో వంతు మందం ఉన్నవే. ఒకటి 35 గ్రాములు, మరొకటి 64 గ్రాములు. చూపుకు కవలలు, బరువులో తల్లీపిల్లలు. అమ్మినవారు బరువును బట్టి వేరు చేసి పంపరు, అడిగినా పంపలేదు. బరువైన గట్టి పలకలు స్పార్లకు, ముందు భాగానికి. అతి తేలికైనవి తోకకు వాడాలి. తోకలో ఒక గ్రాము ఎక్కువైతే, తూకం కుదరడానికి ముక్కులో రెండు మూడు గ్రాముల సీసం కలపవలసి వస్తుంది.

ఈ లెక్క తెలిశాక నాకు పనికొచ్చిన చెక్క మన దగ్గరిదే. ముక్కు దగ్గర గుండ్రంగా చెక్కవలసిన దిమ్మెలకు బాల్సా బదులు కొండపల్లి బొమ్మలు చేసే పొనికి కర్రను వాడాను. పొనికి బాల్సా అంత తేలిక కాదు. అయితే ముక్కులో బరువు ఎలాగూ కావాలి, పైగా అది ఉలికి వెన్నలా లొంగి, ఉప్పుకాగితం కింద నునుపు తేలుతుంది. పెట్రోలు ఇంజనుకు బదులు ఎలక్ట్రిక్ మోటారు పెట్టినప్పుడు తగ్గిన బరువులో కొంత ఈ దిమ్మెలే పూడ్చాయి. ఇదే కర్రను రెక్కలో వాడమని మాత్రం ఎవరికీ చెప్పను.

రిబ్బుల పని విసుగే గాని కష్టం కాదు. రెక్క మధ్యభాగంలోని రిబ్బులన్నీ ఒకే ఆకారం. ప్లైవుడ్‌తో రెండు అచ్చులు కోసి, వాటి మధ్య బాల్సా ముక్కలను పూతరేకుల్లా దొంతర పేర్చి, బోల్టులు బిగించి ఒకేసారి అరగదీస్తే అన్నీ ఒక్క పూటలో అయిపోతాయి.

రేడియో విషయంలో ప్లాను నుంచి సాయం ఆశించకూడదు. నేను ఎంచుకున్నది పాత ఫ్రీ ఫ్లైట్ షీటు కావడంతో విమానాన్ని పక్కలకు తిప్పే రడ్డరు, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటరు గీతల్లో లేవు. తోకలో వాటిని ఎంత వెడల్పున కోయాలో మనమే నిర్ణయించుకోవాలి. రెక్కల్లో విమానాన్ని ఒరిగించే కదిలే పలకలు, ఐలరాన్లు, అవసరం లేదు. రెండు రెక్కలూ పైకి వాలి 'వి' ఆకారంలో ఉంటాయి కాబట్టి, రడ్డరు తిప్పగానే విమానం పక్కకు మళ్లి, ముందుకు వచ్చిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి అది పైకి లేస్తుంది. అలా విమానం తనంతట తానే ఒరిగి మలుపు తీసుకుంటుంది. రడ్డరును, ఎలివేటరును కదిలించే రెండు చిన్న సర్వోలు, మోటారు వేగాన్ని నియంత్రించే 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, 11 అంగుళాల ప్రొపెల్లరు, 3 సెల్ 2200 మిల్లీఆంపియర్ అవర్ లైపో బ్యాటరీ సరిపోయాయి. బ్యాటరీ తీసి పెట్టడానికి ఒక తలుపు కావాలన్న సంగతి మాత్రం ఒడలుకు పైతొడుగు వేశాక గుర్తొచ్చింది. ఇది కూడా 'ఎప్పుడు' అన్న ప్రశ్నే. కేబిన్ ముందు భాగాన్ని అయస్కాంతాలతో ఊడి వచ్చేటట్టు మార్చుకున్నాను, ఆ మార్పు బయటికి తెలుస్తుంది.

పైతొడుగుకు టిష్యూ కాగితం, దాన్ని బిగువుగా లాగే డోపు అనే పూత వాడితే పాతకాలపు అందం వస్తుంది గాని, కృష్ణా తీరపు వానాకాలపు చెమ్మలో అది వదులై మళ్లీ ఎండకు లాగి రెక్కను మెలితిప్పుతుందన్న భయంతో ఇస్త్రీతో అంటుకునే ప్లాస్టిక్ ఫిల్ము వేశాను. బ్యాటరీతో కలిపి మొత్తం బరువు 1,380 గ్రాములు.

మన డ్రోన్ నియమాలు 2021 ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉన్నది సూక్ష్మ (మైక్రో) తరగతి. ఈ తరగతి విమానాన్ని వ్యాపారానికి కాక సరదాకు ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎక్కడ ఎగరేయవచ్చో మాత్రం ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైటులోని మ్యాపులో చూసుకోవాలి. గ్రీన్ జోనులో 400 అడుగుల వరకు అనుమతి ఉంది. గన్నవరం విమానాశ్రయానికి బాగా దూరంగా, మార్చిలో మినుము నూర్పిళ్లు అయిపోయిన చేలలో, గాలి లేవకముందు ఉదయం ఆరున్నరకు మొదటిసారి ఎగరేశాను.

రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి మూడో వంతు దగ్గర తూకం నిలిపి, మోటారు లేకుండా చేత్తో విసిరితే చక్కగా తేలుతూ దిగింది. మోటారు పెంచగానే మాత్రం ముక్కు పైకెత్తి, గోడ ఎక్కే బల్లిలా నిలువుగా పోయి, వేగం తగ్గి తల వాల్చింది. విమానం తప్పేమీ లేదు. అడుగు చదునుగా ఉన్న రెక్క వేగం పెరిగే కొద్దీ ఎక్కువగా లేపుతుంది, నా మోటారు బలం ఆ కాలపు ఇంజను కన్నా ఎక్కువ. మోటారు పలక వెనుక, పైవైపు స్క్రూల దగ్గర రెండు వాషర్లు పెట్టి దాన్ని కాస్త కిందికి వంచాక జబ్బు కుదిరింది. ఆ తర్వాత సగం శక్తికన్నా తక్కువతో, సైకిలు వేగానికి కాస్త పైగా, చేను చుట్టూ తిరిగింది. కర్రలు వదిలేసి లెక్కపెడితే ఇరవై అంకెలు దాటినా దాని దారిన అది పోయింది. తొందరపడే స్వభావం ఉన్నవారికి ఈ విమానం నచ్చకపోవచ్చు. గాలి గట్టిగా వీచే రోజున దీన్ని ఇంట్లోనే ఉంచడం మేలు. ఇంత పెద్ద రెక్కతో, ఇంత తక్కువ వేగంతో అది ఎదురుగాలికి వెనక్కి కూడా జరగగలదు.

చెక్క కోయడం, ఆరేదాకా ఆగడం ఇంతకు ముందు అలవాటు లేనివారు ఈ ప్లానుతో మొదలుపెట్టవద్దనే అంటాను; ముందు ఒక చిన్న కిట్టు కట్టి, వరస ఏమిటో చేతికి తెలిశాక దీని దగ్గరికి రావాలి. ఇప్పటికే ఒకటి రెండు కట్టినవారికి మాత్రం ఇంత తక్కువ ఖర్చులో ఇంతకన్నా మంచి గీత దొరకదు.

నాలుగో రోజున దిగుతుండగా చక్రం గట్టుకు తగిలి ల్యాండింగ్ గేర్ తీగ వంగింది, అది బిగించిన ఫార్మరు చీలిపోయింది. పెట్టెలో వచ్చిన విమానమైతే విడి భాగం కోసం రాసి వారాలు ఎదురుచూడవలసి వచ్చేది. ఆ రాత్రి ప్లానును మళ్లీ బల్ల మీద పరచి, ఆ ఫార్మరు గీతను ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తి, ప్లైవుడ్ మీద అంటించి కోశాను. ఈసారి అతికించే ముందు తీగను అందులో బిగించి చూసుకున్నాను. ఆదివారం ఉదయానికి ఫెవికాల్ ఆరింది.