ఆఫ్ సీజన్‌లో మూడూ సమానంగానా, ఈతకే పెద్దపీటా?

మొదటి స్ప్రింట్ ట్రయాథ్లాన్ అయిపోయింది, తర్వాతి రేసుకు ఇంకా నాలుగైదు నెలలుంది. రేసులు లేని ఇలాంటి ఆఫ్ సీజన్‌లో కొత్తవాళ్లందరికీ వచ్చే సందేహమే నాకూ వచ్చింది. ఈత, సైకిల్, పరుగు మూడింటికీ వారాన్ని సమానంగా పంచుకోవాలా? లేక వెనకబడ్డ ఒకదాన్ని గట్టిగా పట్టుకుని, మిగతా రెండూ జారిపోకుండా చూసుకుంటే చాలా? నేను రెండో దారి పట్టాను. నా విషయంలో వెనకబడింది ఈత.

అంకెలు చూస్తే మాత్రం ఈ నిర్ణయం తప్పనిపిస్తుంది. స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైక్లింగ్, 5 కిలోమీటర్ల పరుగు. 100 మీటర్లకు 2 నిమిషాల 40 సెకన్లు పట్టేవాళ్లకు ఈత 20 నిమిషాల్లో అయిపోతుంది. నెలల తరబడి తంటాలు పడి దాన్ని 2 నిమిషాల 20 సెకన్లకు దించితే మిగిలేది రెండున్నర నిమిషాలే. అదే సైకిల్ మీద వేగం గంటకు 25 నుంచి 28 కిలోమీటర్లకు పెరిగితే 48 నిమిషాల పని 43లో తేలిపోతుంది. అంటే లాభం రెట్టింపు. గడియారం ఒక్కటే చూసుకునేవాళ్లు సైకిల్‌కే ఓటెయ్యాలి.

కానీ నీళ్లలోంచి ఎలాంటి స్థితిలో బయటికొచ్చామో ఆ గడియారం చెప్పదు. ఒగర్చుకుంటూ, తల తిరుగుతూ సైకిల్ ఎక్కితే మొదటి ఐదారు కిలోమీటర్లు తేరుకోవడానికే పోతాయి. 1974లో శాన్ డియాగోలోని మిషన్ బేలో ట్రయాథ్లాన్ పేరుతో జరిగిన మొదటి పోటీలో వరుస వేరు: ముందు పరుగు, తర్వాత సైకిల్, చివర ఈత. ఆ వరుసే ఉండిపోయుంటే ఈ వ్యాసం నేను ఇంకోలా రాసేవాణ్నేమో. ఇప్పుడు ఈతే మొదటిది కాబట్టి, అక్కడ చేసిన దుబారా మిగతా రెండింటి మీదా పడుతుంది.

పైగా కొత్తవాళ్లకు ఈతలో తక్కువయ్యేది దమ్ము కాదు, పద్ధతి. నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు చిక్కనిది. వంకరగా ఉన్న ఒంటిని అందులోంచి బలంతో లాక్కెళ్లాలంటే ఎంత ఓపికున్నా చాలదు. ముందు ఏముందో చూద్దామని తల ఎత్తితే తక్కెడలా నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. మొహం నీళ్లలో ఉన్నప్పుడు ఊపిరి వదలకుండా బిగబడితే, పక్కకు తిరిగిన ఆ అరక్షణంలోనే వదలడమూ పీల్చడమూ రెండూ చెయ్యాల్సొస్తుంది. మోకాళ్లు ముడిచి తన్నితే పెద్ద కండరాలు ఆక్సిజన్ తాగేస్తాయి గానీ మనిషి ముందుకు కదలడు. పరుగు నుంచి వచ్చినవాళ్ల చీలమండలు బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి ఈ చివరిది వాళ్లకు ఇంకా ఎక్కువ. ఇవేవీ రోజూ పరుగెత్తితే పోయే లోపాలు కావు.

వారానికి ఆరు సెషన్లు కుదురుతాయనుకుందాం. సమానంగా పంచితే ఈతకు రెండొస్తాయి. రెండింటి మధ్య మూడు నాలుగు రోజుల ఎడం. అరచేయి, ముంజేయి నీటిని పట్టుకునే తీరు ఈలోపు మరిచిపోయి, ప్రతిసారీ మొదటి పావుగంట దాన్ని వెతుక్కోవడంతోనే సరిపోతుంది. అదే సైకిల్‌కొకటి, పరుగుకొకటి ఉంచి, 40 నిమిషాల చొప్పున నాలుగుసార్లు పూల్‌కి వెళ్తే ఆ వెతుకులాట తగ్గుతుంది. ఒక్కసారే గంటన్నర ఈదడం కంటే ఇదే మేలు. అలసిపోయాక చేసే ప్రతి లాప్ తప్పుడు స్ట్రోక్‌నే, అంటే నీటిని వెనక్కి తోసే చేతి కదలికనే, అలవాటు చేస్తుంది.

ఇంకో సంగతి, నా దృష్టిలో అసలు సంగతి ఇదే. స్ట్రోక్‌ని విప్పి మళ్లీ కట్టుకునేటప్పుడు కొన్ని వారాలు టైమింగ్ ముందుకన్నా చెడుతుంది. రెండు వైపులా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు నాకు నీళ్లు మింగడమే తప్ప వేగం కనిపించలేదు. రేసు నెల రోజుల్లో ఉందంటే ఎవరికీ ఇంత ఓపిక ఉండదు, టెన్షన్‌తో పాత అలవాటుకే వెళ్లిపోతాం. నెమ్మదించినా నష్టం లేని కాలం ఏడాదిలో ఈ ఆఫ్ సీజన్ ఒక్కటే.

మార్పు తెలియాలంటే నెలకోసారి ఒక చిన్న పరీక్ష చాలు. 400 మీటర్లు, విశ్రాంతి తర్వాత 200 మీటర్లు, రెండూ గట్టిగా ఈది టైం రాసుకోవాలి. మొదటిది 10 నిమిషాలు, రెండోది 4 నిమిషాల 40 సెకన్లు అయితే తేడా 5:20. దాన్ని సగం చేస్తే 2:40. 100 మీటర్లకు మీరు నిలకడగా పట్టుకోగల వేగం సుమారుగా అదే.

సమాన పంపకాన్ని తీసిపారెయ్యలేను. విసుగు పుట్టదు. ముఖ్యంగా పరుగు విషయంలో అది భద్రమైన దారి. గుండె, ఊపిరితిత్తులు త్వరగా పుంజుకుంటాయి గానీ స్నాయువులు, ఎముకలు అలా కాదు. పరుగులో ప్రతి అడుగుకీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. పూర్తిగా మానేసి మూడు నెలల తర్వాత ఒక్కసారిగా మొదలుపెడితే చాలామందికి ముందు నొప్పి పుట్టేది మోకాలి కింద ముందువైపుండే ఎముక దగ్గరే. అందుకే ఈతకు పెద్దపీట వేసినా పరుగును వదలకూడదు. 1980ల్లో జరిగిన పరిశోధనల్లో, తీవ్రత అలాగే ఉంచి వారానికి 6 రోజుల సాధనను 2 రోజులకు కుదించినా 15 వారాల పాటు ఏరోబిక్ సామర్థ్యం (ఒళ్లు ఆక్సిజన్‌ని వాడుకోగల శక్తి) నిలిచింది. తీవ్రత తగ్గించినప్పుడు మాత్రం పడిపోయింది. కాబట్టి కాపాడుకోవడానికి చేసే ఆ కొద్దిపాటి పరుగులోనూ సైక్లింగ్‌లోనూ కొంత గట్టిగా ఉండాలి, షికారులా కాదు.

సైకిల్ ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండ్) మీదా, రోడ్డు మీదా? వారానికి ఒక్కసారే తొక్కేటప్పుడు నా ఓటు ట్రైనర్‌కి. ఎదురుగా ఫ్యాన్ పెట్టుకోవాలి, లేకపోతే చెమటకు పదిహేను నిమిషాల్లోనే దిగిపోతారు. సిగ్నళ్లుండవు, వాలులో పెడల్ ఆపి సేదదీరడం ఉండదు, 45 నిమిషాలంటే నిజంగా 45 నిమిషాలే. మలుపు తిప్పడం, నడుస్తున్న సైకిల్ మీద బాటిల్ తీసి తాగడం మాత్రం అది నేర్పదు. రేసు దగ్గరపడ్డాక అవి రోడ్డు మీదే నేర్చుకోవాలి. జిమ్‌కి విడిగా రోజు దొరక్కపోతే పరుగు తర్వాత ఇరవై నిమిషాల స్క్వాట్లు, మడమలెత్తే వ్యాయామం చాలు.

చిన్నప్పటి నుంచీ ఈదినవాళ్లకు ఈ సలహా పనికిరాదు. 750 మీటర్లు మాట్లాడుకుంటూ ఈదేసి వచ్చేవాళ్లు ఆ నాలుగు సెషన్లూ సైకిల్‌కే ఇవ్వాలి. పైన చెప్పిన ఐదు నిమిషాల లెక్క వాళ్లదే. పూల్‌కి వెళ్లి రావడానికే గంటన్నర పట్టేవాళ్లు కూడా వారానికి రెండు ఈతలతో సరిపెట్టుకుని, సమాన పంపకమే పాటించడం నయం. నాలుగు అనుకుని రెండుసార్లు ఎగ్గొట్టే ప్లాన్ కంటే అదే నడుస్తుంది.

మిగతావాళ్లు రేసుకు సుమారు ఎనిమిది వారాల ముందు వరకూ ఈతను నాలుగు దగ్గర ఉంచుకోవచ్చు. అక్కడి నుంచి రెండుకు దించి, ఖాళీ అయిన రోజుల్లో ఒకటి రోడ్డు మీద సైకిల్‌కీ, ఇంకొకటి సైకిల్ దిగగానే పరుగెత్తే బ్రిక్ సెషన్‌కీ ఇవ్వాలి.