గంటన్నర విమానం, ఎనిమిది గంటల ప్రయాణం

"హైదరాబాద్ నుంచి గాల్లో 620 కిలోమీటర్లే నాయినా, గంటన్నరలో బొంబాయి" అని ఫోన్‌లో చూసి చెబితే నాయిన నమ్మలేదు. ఇరవై ఏండ్ల కింద గుంపు మేస్త్రీ వెంట బొంబాయికి కూలి పనికి పోయిన మనిషి. పాలమూరులో పొద్దుగూకంగ బస్సెక్కితే తెల్లారి ఎండ పొడిచినంక దిగేవాళ్లట. అప్పటికి శంషాబాద్ ఎయిర్‌పోర్టే లేదు, 2008 మార్చిలో మొదలైంది. తమ్ముడి గృహప్రవేశానికని ముగ్గురికీ టికెట్లు తీశాను, 14,700.

మహబూబ్‌నగర్ నుంచి ఎయిర్‌పోర్టు ఎనభై చిల్లర కిలోమీటర్లు. క్యాబ్ 2,200కు మాట్లాడుకున్నాం. నాలుగున్నరకు రావాల్సినవాడు ఐదుంబావుకు వచ్చాడు. రాయికల్ టోల్ దగ్గర "టోల్ మీదే సార్" అన్నాడు. దిగాక పార్కింగనీ, ఖాళీగా తిరిగిపోవాలనీ ఇంకో 500 గుంజాడు. షాద్‌నగర్ దగ్గర వాడికి సకినాలు పెట్టినందుకు అమ్మ తనను తానే తిట్టుకుంది.

అసలు దెబ్బ కౌంటర్ దగ్గర. మనిషికి 15 కిలోల లెక్కన 45 ఉండాలి, మా సంచులు 51 తూగాయి. జొన్నపిండి, మామిడికాయ తొక్కు, సకినాలు. కిలోకు 550 చొప్పున 3,300 కట్టమంది ఆ పిల్ల. నాయిన మొహం మాడిపోయింది. "గీ పైసలకు అర్ధ క్వింటాలు జొన్నలొస్తయి కదరా!" తొక్కు డబ్బా చేతిలో పట్టుకుపోతానన్నాడు, కుదరదన్నారు. కట్టేశాను. రసీదు చేతికొచ్చాక, వెనక నిలబడ్డ నారాయణపేట ఆయన మెల్లగా అన్నాడు: "చేతిసంచిల మనిషికి 7 కిలోలు ఊకెనే కదన్నా, సకినాలు, పిండి అండ్ల పెట్టకపోయిన్రా?" ముగ్గురి చేతులూ ఖాళీ. ఆ పిల్లకు ఈ ముక్క చెప్పడానికి నోరెందుకు రాలేదో! నాయిన ఆ తర్వాత గంటసేపు నాతో మాట్లాడలేదు.

విమానంలో ఏ ఇబ్బందీ లేదు, అమ్మ కిటికీ వదల్లేదు. ముంబై మీదికి పోయాక మాత్రం గాల్లోనే చక్కర్లు. అక్కడి రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి, అందుకని ఒక్కసారి ఒక్కదాన్నే వాడతారు. టికెట్ మీద వేసే టైం కూడా ఎగిరినప్పటి నుంచి కాదు, గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా. ఫోన్‌లో చూపించే 620 కిలోమీటర్లేమో రెండు ఊళ్ల మధ్య దారం పట్టినట్టు గీసిన గీత. సామాను కోసం 35 నిమిషాలు, ఘాట్కోపర్‌కు ట్రాఫిక్‌లో గంటపైన. తమ్ముడి గడప తొక్కేసరికి ఒంటిగంటంబావు.

తిరుగు ప్రయాణంలో నేను క్యాబ్ జోలికే పోలేదు. ఎయిర్‌పోర్టు నుంచి శంషాబాద్ దాకా ఆటో 200, అక్కడ మహబూబ్‌నగర్ ఎక్స్‌ప్రెస్. అమ్మకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్. పాలమూరోళ్లు ఎవరైనా ఇట్లాగే పోండి, వేళకాని వేళ విమానమైతే తప్ప.

బస్సులో నాయిన వేళ్లు మడిచి లెక్కేశాడు. "ఇంటికాడ ఎక్కి చిన్నోని ఇంటికాడ దిగేదాక ఎనిమిది గంటలు. అండ్ల గాలిల ఉన్నది ఎంతసేపురా?"

"గంటుంబావు."

"మరి మిగిలినదానికి గూడ గన్ని పైసలెందుకు తీసుకున్నరు?" అని, సీటుకు తల ఆనించి జడ్చర్ల దాకా గుర్రు పెట్టాడు.