రికవరీ ఏజెంట్ల వేధింపులపై ఫిర్యాదు మార్గం: 14 నెలల అనుభవంతో సమీక్ష

పాలకొల్లు పక్క పల్లెలో రొయ్యల చెరువు కౌలుకు చేస్తున్న నేను, తెల్లమచ్చ వైరస్ తగిలి ఒక పంటను నెల దాటగానే పట్టుబడి (చెరువులోని రొయ్యలను పట్టేయడం) చేయవలసి రావడంతో, మేత బాకీ తీర్చడానికి ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర 3 లక్షల వ్యక్తిగత రుణం తీసుకున్నాను. తర్వాతి పంటకు ధర పడిపోయి రెండు వాయిదాలు తప్పాయి. కంపెనీ ఫిర్యాదుల అధికారి, ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) అనే రెండు మెట్లూ ఎక్కాను కనుక, అందులో ఏది పనిచేసిందో రాస్తున్నాను.

మొదట తెల్లవారుజామున ఫోన్లు మొదలయ్యాయి. అప్పు తీసుకునేటప్పుడు రిఫరెన్సుగా పేరిచ్చిన పాపానికి మా బావమరిదికీ చేశారు. ఒక రాత్రి ఏడున్నరకు ఇద్దరు కుర్రాళ్లు ఇంటికే వచ్చారు. అరుగు మీద కొబ్బరాకులు చీల్చి చీపురు కోసం ఈనెలు తీస్తున్న మా అమ్మతో, ఎదురింటికి వినపడేలా, “మామ్మగారూ, మీ అబ్బాయి అప్పు ఎగ్గొట్టి తిరుగుతున్నాడండీ” అన్నారు. ఆ ‘అండీ’ వల్ల మాట ఏమీ మెత్తబడలేదు. వాళ్లు వెళ్లేదాకా అమ్మ చేతిలో ఆ ఒక్క ఈనె అలాగే ఉండిపోయింది.

రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టు 12న ఇచ్చిన ఆదేశం ప్రకారం, బాకీ వసూలు కోసం ఉదయం 8 గంటలకు ముందు గానీ, రాత్రి 7 దాటాక గానీ ఫోన్ చేయకూడదనీ, నలుగురిలో అవమానించడం, కుటుంబ సభ్యుల, రిఫరెన్సు ఇచ్చినవారి జోలికి వెళ్లడం నిషిద్ధమనీ నాకు అప్పటికి తెలియదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఏజెంటు బయటి ఏజెన్సీ మనిషే అయినా, అతని ప్రవర్తనకు జవాబు చెప్పవలసింది అప్పిచ్చిన కంపెనీయే. ఇది తెలియక మూడు వారాలు ఏజెంట్లతోనే ఫోన్లో వాదించాను. ఆ వాదనలన్నీ వృథా.

తర్వాత మేత లెక్కల పుస్తకంలో వెనక పేజీలు తీసి, ప్రతి ఫోన్‌కూ తేదీ, సమయం, నంబరు, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయడం మొదలుపెట్టాను. రుణ పత్రాల్లో ఉన్న ఫిర్యాదుల అధికారి చిరునామాకు ఆ వివరాలతో మెయిల్ పంపాను. రెండు తప్పిన వాయిదాలను ఆరు నెలలకు సర్దమని కూడా అందులోనే అడిగాను. వేళగాని ఫోన్లు ఆగాయి గానీ, కొన్నాళ్లకు కొత్త నంబర్ల నుంచి మళ్లీ మొదలయ్యాయి.

అప్పుడు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లాను. 2021 నవంబరులో మొదలైన ఈ సమీకృత పథకంలో రుసుము లేదు, వకీలు అవసరం లేదు. రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ ఉంది. ఆన్‌లైన్ చేతకానివారు తెలుగులోనే రాసి చండీగఢ్‌లోని స్వీకరణ కేంద్రానికి పోస్టు చేయవచ్చు. సందేహాలకు 14448 ఉంది. నేను తొందరపడి కంపెనీకి రాసిన ఇరవయ్యో రోజునే ఫిర్యాదు పెట్టాను. కంపెనీ జవాబివ్వకపోతే 30 రోజులు ఆగాలన్న నిబంధన ఉన్నందున అది చెల్లలేదు. రెండోసారి గడువు దాటాక పెట్టాను. కంపెనీ విచారం తెలుపుతూ ఉత్తరం రాసి, ఆ ఏజెన్సీని నా ఖాతా నుంచి తప్పించి, వాయిదాలు సర్దింది. మానసిక వేదనకు లక్ష రూపాయల వరకు పరిహారానికి అప్పట్లో ఆ పథకంలో వీలున్నా, అరుగు మీద జరిగినదానికి నా దగ్గర రికార్డు లేకపోవడంతో అది రాలేదు. ఆ రాత్రి జేబులోనే ఉన్న ఫోన్‌లో రికార్డింగ్ నొక్కలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఈ మార్గం అందరికీ సరిపోదు. ఊళ్లో దినవడ్డీలకు ఇచ్చేవారు ఈ పథకం కిందికి రారు. చిన్న ఫైనాన్స్ సంస్థలు కొన్ని కూడా రావు. చెయ్యి చేసుకున్నా, చంపుతామని బెదిరించినా పోలీసు స్టేషనుకే వెళ్లాలి. అలా బెదిరించడం భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కిందికి వచ్చే నేరం. లోన్ యాప్‌ల వాళ్లు ఫొటోలు మార్చి పంపితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. గ్రూపు లోన్లు తీసుకున్న మా ఊరి ఆడవాళ్లకు వేళలు ఇంకా తక్కువ: సూక్ష్మరుణాల వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 దాటాక ఫోన్ చేయకూడదు.

“రేపు అరెస్టు చేయిస్తాం” అన్న మాటకు నేను చాలా రాత్రులు నిద్రపోలేదు. వాయిదా కట్టలేకపోవడం ఒక్కటే జైలుకు పంపే నేరం కాదు. అయితే చెక్కు బౌన్సయినా, బ్యాంకు నుంచి ఆటోమేటిక్‌గా తీసుకునే వాయిదా డబ్బు లేక తిరిగిపోయినా కేసు పెట్టే వీలు చట్టంలో ఉంది కాబట్టి, కట్టలేనని ముందుగా తెలిసినప్పుడే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. అసలూ వడ్డీ ఏ ఫిర్యాదుతోనూ మాఫీ కావు. నేనూ కడుతూనే ఉన్నాను.

గత నెల కంపెనీ తరఫున ఒకాయన ఉదయం పదిన్నరకు వచ్చి, అడగకముందే గుర్తింపు కార్డు, అధికార పత్రం చూపించాడు. అమ్మ ఆ రెండూ నా చేత పైకి చదివించుకుని, ఆ తర్వాతే ఆయనకు కుర్చీ వేయించింది.