ఇడ్లీకి ఒక మట్టి, జంతికకు ఇంకో మట్టి

సంక్రాంతి బొమ్మల కొలువులో అరచేతిలో పట్టే అరిటాకు పరిచి, దాని మీద చిట్టి బొమ్మ ఇడ్లీ, గారె, జంతిక, ఆవకాయ వడ్డిస్తాను. చూసినవాళ్లంతా అడిగేది ఒక్కటే: ఏ మట్టితో చేశావని. మూడు రకాలూ వాడాను.

గాలికే ఆరి గట్టిపడే ఎయిర్ డ్రై క్లే చవక. కానీ ఇంత చిన్న పనికి వద్దు. ఆరేకొద్దీ కుంచించుకుపోయి సన్నటి అంచులు పగులుతాయి. పొయ్యికీ రుబ్బురోలుకీ అయితే సరే.

కోల్డ్ పోర్సిలిన్ పేరుకే పింగాణీ, తయారయ్యేది వంటింట్లో. ఫెవికోల్, కార్న్‌ఫ్లోర్ సమపాళ్లలో తీసుకుని, చెంచాడు నూనె, బూజు పట్టకుండా కాస్త నిమ్మరసం వేసి సన్న సెగ మీద కలుపుతుంటే చలిమిడిలా గిన్నె వదిలి ముద్దకడుతుంది. (మన కొండపల్లి బొమ్మల మక్కు కూడా చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దే కదా!) ఇడ్లీకి దీన్ని మించింది లేదు. ఆరాక కాస్త వెలుగు పారేలా అవుతుంది కాబట్టి ముందే తెల్లరంగు కలపాలి. పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తడితే ఇడ్లీ గుల్లతనం అచ్చం దిగుతుంది. ఇదీ ఆరితే తగ్గుతుంది, ఒక పిసరు పెద్దగా చేయండి. తడి తగిలితే మెత్తబడుతుంది. మా విజయవాడ వానల్లో డబ్బాలో పెట్టి మూత బిగించాల్సిందే.

పాలిమర్ క్లే అంటే కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ రకం మట్టి. ఖరీదు, పైగా ఓవెన్ కావాలి. చాలా రకాలకు 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ చాలు, ప్యాకెట్ మీద రాసినంతే పెట్టండి. మాడితే వచ్చే పొగ ఒంటికి చెరుపు. మైక్రోవేవ్ పనికిరాదు. వంటకు వాడే ట్రేలో కాల్చడం అసలే వద్దు. అయినా జంతిక దగ్గర నా ఓటు దీనికే. కాల్చేదాకా గట్టిపడదు గనక సిరంజితో తీగ లాగి, చుట్టి, సూదితో గీతలు పెట్టి, నచ్చకపోతే మళ్లీ ముద్ద చేసుకోవచ్చు. కాల్చినా దాదాపు తగ్గదు. మే ఎండలకు జిగటగా మారితే పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే దారికొస్తుంది. గారెకు, కాల్చేముందు గోధుమరంగు సాఫ్ట్ పేస్టల్‌ను (సుద్దలాంటి రంగు ముక్క) బ్లేడుతో గీకి, ఆ పొడిని కుంచెతో అంచుల మీద అద్దండి. అప్పుడే నూనెలోంచి తీసినట్టుంటుంది.

కొత్తవాళ్లు కోల్డ్ పోర్సిలిన్‌తో చేయి తిప్పుకోండి, డబ్బు పోదు. కొలువులో ఏళ్ల తరబడి నిలవాలంటే మాత్రం పాలిమరే. నా ఆవకాయ ముక్కలూ దాంతోనే. తేలిన నూనె కోసం నెయిల్ పాలిష్ పూయకండి, కొన్నాళ్లకు జిగటగా మారుతుంది. నీళ్లతో కలిసే వార్నిష్‌లో ఎర్ర యాక్రిలిక్ రంగు కలిపి, ముక్కల మధ్య ఒక్క చుక్క వదిలితే చాలు.